పదిహేడో దెబ్బ

ఎర్రగుంట్ల,
12 సెప్టెంబరు 1937.

ప్రకాశం బావకు లేవి వందనాలు.

నీ జాబు అందింది. మీ నాయనకు, మీ అమ్మకు, మా అమ్మకు చదివి వినిపించాను. ఒక్కరికీ నమ్మకం కుదరలేదు. నలభై మంది పాడుతుంటే ఎదురుగా ఒకడు నోరు మూసుకుని నిలబడి, గాల్లో పుల్ల ఆడిస్తాడా? దానికి యూనివర్సిటీ వాళ్లు పట్టా ఇస్తారా? తప్పు చదివానేమోనని మూడుసార్లు చదువుకున్నాను. తప్పేమీ లేదు, నువ్వు రాసిందే అది.

"కండక్టింగ్ అంటే మోటారు బస్సులో టిక్కెట్లు కొట్టేది కాదా?" అంది మా అమ్మ.

"కాదు మే, గొర్రెల్ని తోలినట్ల మనుషులను తోలేది. వాని తాత గొర్రెలు కాసినోడే గదా. ఆ కట్టె వీనికి వచ్చినాది," అన్నాడు మీ నాయన, మా దావీదురాజు మామ. నవ్వాడు గానీ, నీ జాబు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గనికి పోయాడు. చదవడం రాని మనిషికి జాబు ఎందుకని అడిగితే, "ఉండనీలే అబ్బీ" అన్నాడు.

పరీక్షకు సొంతంగా ఒక పాట కూర్చాలి, దాన్ని మన గనిలో బండ ఎత్తే పదం మీద కడతాను, రాసి పంపు అన్నావు. పుట్టినప్పటి నుంచీ విన్న పదం నీకు గుర్తు లేదా? మూడేళ్లు మద్రాసు నీళ్లు తాగితే అంతా కొట్టుకుపోతుందా? సరే, గనిలో పదం చెప్పే హుస్సేన్ సాహెబ్ పాడుతుండగా పక్కన కూర్చుని రాసుకున్నాను. ఇదీ పదం:

నల్లా బండా – ఐలేస
నాయన మోసే – ఐలేస
నాకూ మిగిలే – ఐలేస
నడుమూ వంగే – ఐలేస

వరుసకు నాలుగు దెబ్బలు. నాలుగో వరుస అయిపోయాక ఒక దెబ్బ సేపు ఎవరూ నోరెత్తరు. ఆ తర్వాత సాహెబ్ "దించు" అంటాడు. బండ దిగుతుంది.

రాగం డో రే మీ అక్షరాల్లో వేరే కాగితం మీద రాశాను. పాదిరి బంగ్లాలో చెదలు పట్టిందని పారేసిన సోల్ఫా పుస్తకం చూసి నేర్చుకున్నది. నాకు చెప్పినవాడు లేడు, కొట్టినవాడూ లేడు. తప్పులుంటే నాతో చెప్పు, నీ దోస్తులతో చెప్పి నవ్వకు. ఎవరూ నోరెత్తని ఆ దెబ్బ దగ్గర రెండు చుక్కల మధ్య ఖాళీ వదిలాను.

కింద పెన్సిలుతో గీసిన సిలువ గుర్తు మీ నాయనది.

లేవి

*

మద్రాసు,
3 అక్టోబరు 1937.

ప్రియమైన లేవీ,

నువ్వు సోల్ఫా రాసిన తీరు చూసి మా ప్రొఫెసరు దొర అదిరిపోయాడు. "రాళ్లు చెక్కేవాడు రాశాడా? ఏ బడిలో నేర్చుకున్నాడు?" అని రెండుసార్లు అడిగాడు. పుస్తకం పారేసిన పాదిరి ఎవరో చెప్పలేదులే.

పదం ఆయనకు చాలా నచ్చింది. నాలుగు గొంతులకు పంచుతున్నాను. ఆడవాళ్లవి రెండు, మగవాళ్లవి రెండు. ఒకరు "నల్లా బండా" అంటుంటే కింది గొంతులు "ఐలేస" ముందే మొదలుపెడతాయి. వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఇది మన గనిలోదేనా అనిపిస్తుంది.

ఒక్క చిక్కు. నీ లెక్కలో పదిహేడు దెబ్బలున్నాయి. దెబ్బను మేము మాత్ర అంటాం. నాలుగు నాలుగుల పదహారు కావాలి. చివర ఖాళీ మాత్ర ఒకటి ఎక్కువ. పాట అక్కడ కుంటుతుంది. ప్రొఫెసరు ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేశాడు. "చదువు లేని పాటగాడు అక్కడ ఊపిరి పీల్చుకుని ఉంటాడు, అదే అలవాటుగా నిలిచిపోయింది," అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. హుస్సేన్ సాహెబ్‌కు వయసయింది కదా. ఇప్పుడు పాట నీళ్లలా పోతుంది. నువ్వూ దిద్దుకో. ఇంత నేర్చుకున్నవాడివి, తప్పు పాడకూడదు.

పరీక్ష మార్చి పద్దెనిమిదిన. ఈ పాట నేనే కూర్చాలి, నేనే నిలబడి నలభై మంది చేత పాడించాలి. తప్పితే మిషన్ వాళ్లు ఇంకో ఏడు చదివించరు. గడ్డపార పట్టుకుని మీ పక్కన నిలబడటమే. నాన్నకు మాత్రం ఈ మాట చెప్పకు.

నీ
ప్రకాశం

*

ఎర్రగుంట్ల,
30 అక్టోబరు 1937.

బావా,

నీ జాబు చూసి ముందు నాకు ఒళ్లు మండింది. మద్రాసులో ఫ్యాను కింద కూర్చున్న దొర మన పదం మీద గీత కొట్టడమా? తర్వాత నేలమీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టాను. పదిహేడే. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఏ రోజూ లెక్కపెట్టలేదు. సిగ్గేసింది. చదువంటే ఇదేనేమో అనుకున్నాను.

కాగితం తీసుకుని హుస్సేన్ సాహెబ్ దగ్గరికి పోయాను. ఆయన బీడీ ముట్టించుకుంటున్నాడు.

"ఏమప్పా లేవీ, కాగితం తెచ్చినావు? ఏమైనా బండ ఎత్తుతాదా అది?"

"పదంలో తప్పుండాది సాహెబ్. ఒక దెబ్బ ఎక్కువ. మద్రాసు కాలేజీలో దిద్దినారు."

ఆయన నవ్వలేదు. బీడీ కింద పడేశాడు.

"మా నాయన చెప్పిన పదం రా అది. ఆయనకు వాళ్ల నాయన. ఆ తావు ఖాళీ అనుకుంటాండావా? అది బండ కింద దుంగ పెట్టేటోని చేతుల తావు. ఆ దెబ్బలో దావీదు చేతులు ఎనక్కి తీసుకుంటాడు. నువ్వు నీడన కూర్చోని ఉలి కొట్టేటోనివి. నీకేం తెలుసు?"

నిజమే, నేను బండ ఎత్తను. ఎత్తి తెచ్చిన బండను చెక్కుతాను. అయినా నేను వదల్లేదు. "ఐలేస అనేటప్పుడే తీసుకోవచ్చు గదా చేతులు" అన్నాను. మేస్త్రి నరసింహ పక్కనే ఉన్నాడు. వాడికి ఈ మాట తేనెలా తగిలింది. దెబ్బ తగ్గితే బండ తొందరగా కదులుతుంది కదా. "దిద్దినట్లే చెప్పు సాహెబ్, లేకుంటే పక్కకు జరుగు. లేవి గొంతు బాగుండాది, వాడే చెబుతాడు," అన్నాడు. సాహెబ్ తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

మిగతావాళ్లు మీ నాయన వైపు చూశారు. గడ్డపార పట్టిన ఎనిమిదిమందీ బండ లేపుతారు, కింద దుంగ పెట్టేది ఆయనే. ఇరవై ఏళ్లుగా ఆయనే. మామ ఏమన్నాడో తెలుసా?

"మావాడు దిద్దినాడంటే సరిగ్గానే ఉంటాది. చెప్పు రా లేవీ."

ఈ రోజుకు పది రోజులు. ఏమీ కాలేదు. మామ దుంగను కొంచెం ముందే తోసి చేతులు లాగేసుకుంటున్నాడు. పదం నీళ్లలా పోతుంది, నువ్వన్నట్లే. పదం చెప్పేటప్పుడు నా చెయ్యి కూడా దానంతట అది పైకీ కిందికీ ఆడుతోంది. నాకూ పట్టా ఇప్పిస్తావా?

లేవి
(సిలువ గుర్తు మామది. ఈసారి పెద్దగా గీశాడు.)

*

మద్రాసు,
14 డిసెంబరు 1937.

ప్రియమైన లేవీ,

నీ జాబు మా హాస్టల్లో అందరికీ చదివాను. నేను దిద్దిన పాట మన గనిలో పాడుతున్నారు! ఇక్కడ కూర్చిన పాటలు బీరువాలో పడి ఉంటాయి. నా పాట బండ ఎత్తుతోంది. రెండు రోజులు నిద్ర పట్టలేదంటే నమ్ము.

సాహెబ్ అలిగితే నువ్వే బుజ్జగించు. పెద్దవాళ్లకు అలవాటు మానుకోవడం కష్టం. చేతుల సంగతి రాశావు. నాన్న ముందే తీసుకుంటున్నాడు కదా, మరి ఇబ్బందేముంది?

పాడించడం నేర్చుకోవడం మొదలయింది. మొదటిరోజు చెయ్యి ఎత్తగానే నలభై జతల కళ్లు నా వేళ్ల మీదికి వచ్చాయి. భయంతో చెయ్యి దించడం మరిచిపోయాను. వాళ్లు నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడ్డారు. దించేదాకా ఒక్కరూ ఊపిరి వదల్లేదు. మనిషి చేతికి అంత బలముందని నాకు తెలీదు లేవీ.

నాన్నకు ఈ ముక్క చదివి వినిపించు.

నీ
ప్రకాశం

*

ఎర్రగుంట్ల,
20 జనవరి 1938.

బావా,

ఆ పాటలో కొట్టేసిన దెబ్బ మళ్లీ పెట్టు. ఎందుకని అడగొద్దు. పదిహేడు పెట్టి పాడించు. లేకుంటే ఆ పాటే మానుకో, వేరే పాట కూర్చుకో.

అందరూ బాగున్నారు.

లేవి

*

మద్రాసు,
2 ఫిబ్రవరి 1938.

లేవీ,

ఏమయింది నీకు? నాలుగు ముక్కలు రాసి పాట మానుకోమంటావా? నాలుగు గొంతులకూ కాగితాలు రాసి పంచాను. నలభై మందికీ నోటికి వచ్చింది. ఒక ప్రతి పరీక్షకుల దగ్గరికి పోయింది. దాంట్లో ఒక్క మాత్ర మారినా "రాసిందొకటి, పాడించిందొకటి" అని సున్నా వేస్తారు. సాహెబ్ నిన్ను ఏమైనా అన్నాడా? ఊళ్లో మాట పడలేక నా మీద పడుతున్నావా?

కారణం రాయి. కారణం లేకుండా నేను ఏదీ మార్చను. ఇక్కడ మాకు నేర్పేది అదే.

ఇంకో సంగతి. నీ జాబు కింద నాన్న గుర్తు లేదు. ఎప్పుడూ పెట్టేవాడు. జ్వరమా?

ప్రకాశం

*

ఎర్రగుంట్ల,
12 మార్చి 1938.

ప్రకాశం,

కారణం అడిగావు. రెండు నెలలు నోరు కట్టుకున్నాను. మీ నాయన నా చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, పరీక్ష అయ్యేదాకా నీకు తెలియకూడదని. ఈ రోజు ఆ ఒట్టు తప్పుతున్నాను. ఆ పాపం నాది. నీకేమీ అంటదులే.

జనవరి పదకొండు. పొద్దున్నే. పెద్ద బండ, ఎప్పుడూ ఎత్తే దానికి ఒకటిన్నర ఉంటుంది. మామ దుంగ తోశాడు. అది రాతి పొడిలో జారి పక్కకు తిరిగింది. సరిచేయడానికి మళ్లీ చేతులు పెట్టాడు. ఆయన కళ్లు దుంగ మీద ఉన్నాయి. నా కళ్లు ఎక్కడున్నాయో నాకు తెలీదు. నా చెయ్యి గాల్లో ఊగుతోంది, అది మాత్రం తెలుసు. "నడుమూ వంగే – ఐలేస" అన్నారు. నేను "దించు" అన్నాను.

గడ్డపార మీద వంగిన మనిషికి కింద ఏముందో కనపడదు. ఎనిమిదిమంది తలలూ కిందికే ఉంటాయి. వాళ్లకు పదమే కళ్లు. దించమన్నాను, దించారు.

మామ అరవలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. "ఎత్తండప్పా" అన్నాడు, అంతే. మళ్లీ ఎత్తాలంటే పదం చెప్పాలి. నాకు నోరు రాలేదు బావా. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు. నీళ్ల తొట్టి దగ్గరున్న హుస్సేన్ సాహెబ్ పరిగెత్తుకొచ్చి పదం ఎత్తుకున్నాడు. పదిహేడు దెబ్బల పదం. ఆయన ఆగిన ఆ దెబ్బలో, నలుగురు కలిసి మీ నాయనను బయటికి లాగారు.

కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. కడప ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు. ఎడమచెయ్యి బొటనవేలు ఉంది, చిటికెనవేలు ఉంది. మీ అమ్మ అన్నం కలిపి పెడుతోంది. మొదటి రోజు తినిపించబోతే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో ఆయన నాతో అన్న మాట ఇది: "వానికి రాయొద్దు రా. చెయ్యి వణికితే నలభై మంది తప్పుతారంట గదా."

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ దెబ్బ తనదని మీ నాయనకు తెలుసు. ఇరవై ఏళ్లు దాంట్లోనే బతికాడు. కొడుకు కొట్టేశాడని వదులుకున్నాడు. సాహెబ్‌కు ఎదురు చెప్పాడు, తన చేతులకు కొత్తగా నేర్పుకున్నాడు. నీ చదువు మీద ఆయనకున్న నమ్మకం అంత. దాని మీద బండ పడింది.

నువ్వు గీత కొట్టావు. నేను నోటితో చెప్పాను. ఎవరిది ఎక్కువని తూచుకోవడానికి నాకు ఓపిక లేదు. నేను ఇక పదం చెప్పను. ఉలి కూడా సరిగ్గా పడటం లేదు.

ఇప్పుడు కారణం తెలిసింది కదా. మార్చు.

లేవి

*

మద్రాసు,
21 మార్చి 1938.

లేవీ,

నీ జాబు పద్దెనిమిదో తేదీ పొద్దున అందింది. పది గంటలకు పరీక్ష. హాస్టల్ మెట్ల మీద చదివాను. రెండోసారి చదవలేకపోయాను. "కుడిచెయ్యి మణికట్టు దాకా" అన్నచోట నా చెయ్యి నేనే పట్టుకుని చూసుకున్నాను.

నీతో అబద్ధం చెప్పను. పదహారే పాడించాను.

ఎందుకని అడుగుతావు. ఫెయిలైతే నాన్నకు ఎవరు పెడతారు అనుకున్నానని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. అది తర్వాత అనుకున్నది. హాల్లోకి పోయి చెయ్యి ఎత్తాను. నలభై జతల కళ్లు చేతి మీదికి వచ్చాయి. అప్పుడు నాకు ఇంకేమీ గుర్తు లేదు. నాన్న లేడు, నువ్వు లేవు, గని లేదు. చెయ్యి దానంతట అది నడిచింది. ఆ చోటు వచ్చింది, పోయింది. వణకలేదు లేవీ. ఒక్కసారి కూడా వణకలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్షకుడు లేచి వచ్చి చెయ్యి కలిపాడు. ఆ చోట ఏదో తగ్గిందని హాల్లో ఒక్కరికీ తెలీలేదు. నేను ఆ సంగతి నుంచే ఇంకా తేరుకోలేకుండా ఉన్నాను. ఒక మనిషి చెయ్యి పోయింది అక్కడ. పాట మాత్రం ఇంతకుముందు కంటే బాగుంది.

మొదటి తరగతి వచ్చింది. పాటను అచ్చు వేసి మిషన్ బడులకు పంపుతామంటున్నారు. ఎర్రగుంట్ల బడికీ వస్తుంది. వద్దని చెప్పాలని ప్రొఫెసరు గది దాకా పోయాను. తలుపు తీసే ఉంది. బయట నుంచే తిరిగి వచ్చాను.

నేనేం చెయ్యాలి? ఇంటికి రావాలా? ఏ ముఖంతో రావాలి? నాన్న ఏమంటాడు? నువ్వు తిట్టు, పడతాను. ఏదో ఒకటి రాయి.

ప్రకాశం

*

ఎర్రగుంట్ల,
27 మార్చి 1938.

ప్రకాశం,

నీ జాబు మీ నాయనకు చదివాను. దాచలేదు, మార్చలేదు, ఉన్నది ఉన్నట్లే. హుస్సేన్ సాహెబ్ కూడా పక్కన కూర్చుని ఉన్నాడు. రోజూ వస్తున్నాడు, మామకు బీడీ ముట్టించి నోట్లో పెట్టడానికి.

మొదటి తరగతి అన్నచోట మామ ముఖం వెలిగింది. నాకు జాబు చించేయాలనిపించింది. చివరిదాకా విన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ నలభై మందీ ఏమెత్తినారంట?"

"ఏమీ ఎత్తలేదు మామా. ఉత్తగా నిలబడి పాడినారు."

"కింద ఎవరూ లేరా?"

"లేరు."

"మరి ఎట్ల పాడితే ఏం రా? ఎవురికీ ఏం కాలేదు గదా. వాన్ని ఏమీ అనొద్దు."

అంతే. నిన్ను ఒక్క మాట అనలేదు. నీకు కావాలంటే దాన్ని క్షమించడం అనుకో. నేను అనుకోను. ఆయన అలా అన్నప్పుడు సాహెబ్ లేచి బయటికి పోయాడు. కాసేపటికి నేను పోయి చూస్తే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, తువ్వాలు నోట్లో కుక్కుకుని.

ఇక నా మాట విను. హాల్లో ఏమీ ఎత్తలేదు, సరే. అచ్చయిన ఆ పాట వచ్చేది ఎక్కడికి? ఈ ఊరి బడికి. ఆ బడిలో కూర్చునేది ఎవరు? గని వాళ్ల పిల్లలు. ఆరేళ్లప్పుడు పదహారు నేర్చుకున్నవాడు, పదహారేళ్లకు దుంగ పట్టుకుంటాడు. అచ్చులో ఉంది, పంతులు చెప్పాడు, మద్రాసులో చప్పట్లు కొట్టారు అంటాడు. అప్పుడు సాహెబ్ ఉండడు. నేను కూడా అలాగే నమ్మాను కదా, ఎర్ర పెన్సిలు గీత చూసి. నేనేమీ మూర్ఖుణ్ణి కాదే. అయినా నమ్మాను.

ప్రొఫెసరు తలుపు తీసే ఉందని రాశావు. లోపలికి పో. ఆ దెబ్బ పెట్టించు, లేదా పాట వెనక్కి తీసుకో. పట్టా పోతే పోనీ. చెప్పడానికి నోరు రాకపోతే, ముందు ఇంటికి రా. ఏ ముఖంతో అని అడిగావు. నాకు నీ ముఖంతో పని లేదు, చేతులతో పని ఉంది.

మీ నాయన జాగాలో దుంగ పెట్టడానికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. నువ్వు వచ్చి ఒక్క బండకు, ఒకే ఒక్క బండకు, దుంగ పట్టుకుని కూర్చో. ఎనిమిదిమంది గడ్డపారలు వేసి లేపుతారు. రెండు చేతులూ కిందికి పెట్టు. పదం నేను చెబుతాను. ఇక చెప్పనన్నాను, నీ కోసం చెబుతాను.

ఎన్ని దెబ్బలు పాడమంటావో అప్పుడు నువ్వే చెప్పు.

లేవి